పాత బట్టలు

చేవెళ్లలో మగ్గం వర్కు చేసి, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ అమ్మాయిలకు పెళ్లి జాకెట్లు పంపడం ఆమె పని. ఈసారి పంపిన రెండు పార్శిళ్లూ చేరలేదు. మొయినాబాద్ కొరియర్ ఆఫీసు నడిపేది వరసకు అన్నే కదా అన్న ధైర్యంతో రసీదు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అన్నా, కంపెనీ ఏమన్నది?"

"పోయినయని ఒప్పుకున్నరు చెల్లె. కానీ పాత బట్టలకు ఎంతొస్తదో గంతే ఇస్తరట."

"పాతయి ఎక్కడియన్నా? కండ్లు పోయేటట్టు కుట్టిన!"

"రసీదు మీద పాత బట్టలని నువ్వే రాసినవ్ గద."

"కొత్తయంటే బిల్లు అడుగుతరు, చార్జి ఎక్కువైతది, గట్ల రాయమని నువ్వే చెప్పినవ్!"

"నేను నోటితోని చెప్పిన. నువ్వు చేత్తోని రాసినవ్."

"గా ముచ్చటే కంపెనీకి చెప్పన్నా."

"చెప్తె నా ఫ్రాంచైజీ పోతది చెల్లె."

చెల్లె అన్న ఆ పిలుపు ఆమెకు మొదటిసారి ముల్లులా గుచ్చుకుంది. రసీదు మడిచి సంచిలో వేసుకుని లేచింది.

"కోపం జేస్కోకు. జర మా బిడ్డ పెండ్లి జాకెట్ మర్చిపోకు. ఆదివారమే ముహూర్తం."

"కుట్టుడు అయిపోయిందన్నా. రేపే కొరియర్ల పంపిస్త, మీద పాత బట్టలని రాసి."