ఉమ్మిలో దగ్గు కనబడదు

మళ్ళీ అదే మాట! ఫలితం వస్తేగానీ ఆసుపత్రికి రానంటే ఎలాగమ్మా? అక్కడ బండి ఎండలో మాడిపోతోంది. ఈ కలహారి ఇసకలో పడి వెళ్ళినా మధ్యాహ్నంలోపు సుమ్‌క్వే ఆసుపత్రికి చేరిపోతాం.

దగ్గు. దగ్గేసెయ్. నేను ఆగుతాను.

ఫలితం వచ్చిందమ్మా. ఇదుగో, ఈ కాగితమే. ఏడు నెలల కిందట కళ్ళజోడు డాక్టరు మీ అందరిచేతా గొట్టాల్లో ఉమ్మించుకుని వెళ్ళాడే, ఆయనే పంపాడు. "ఇంత బుడ్డి గొట్టమా? దీంట్లో కుందేలు కూడా ఉమ్మదు" అని నువ్వు వెక్కిరిస్తే అందరూ పడీ పడీ నవ్వారు కూడానూ.

చదువుతాను, ఉండు. లోకంలో మనుషులందరి పాతకాలపు అమ్మమ్మలూ ఒకప్పుడు ఈ ఆఫ్రికా నేల మీదే ఉండేవాళ్ళట. వాళ్ళలోంచి అందరికన్నా ముందు వేరుపడ్డవాళ్ళు ఈ కలహారిలోని మనవాళ్ళట. లక్ష ఏళ్ళు దాటిందట. తర్వాతెప్పుడో ఓ చిన్న గుంపు ఈ నేల వదిలి బయటికి పోయింది. తెల్లవాళ్ళూ చైనావాళ్ళూ దాదాపుగా ఆ గుంపు పిల్లలే. అందుకని లోపల్లోపల వాళ్ళ మధ్య తేడా తక్కువట. ఒకే నిప్పు దగ్గర కూర్చునే నీకూ, నీ మరదలికీ మధ్య అంతకన్నా ఎక్కువ ఉండొచ్చట!

నవ్వకు. అవునులే, అది మనిషి జాతే కాదని నువ్వు ముందునుంచీ అంటూనే ఉన్నావు.

తర్వాతా? తర్వాత ఏం లేదు. అయిపోయింది.

దగ్గు సంగతా...

లేదమ్మా. ఉండదు కూడా. ఆ ఉమ్మిలో వాళ్ళు దగ్గు చూడనే చూడరు.

ఎవరు చెప్పారంటావేం, నేనే కదా! "దీంట్లో నా దగ్గు తెలుస్తుందా?" అని నువ్వడిగితే "అన్నీ తెలుస్తాయి" అనేశాను. ఆయన మాట నీకు రాదు, నీ మాట ఆయనకి రాదు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఎందుకంటే ఏం చెప్పను? ఆ పొద్దున విండ్‌హుక్ నుంచి మా పక్కింటావిడ ఫోన్ చేసింది, మా అమ్మాయి క్షోరేకి ఒళ్ళు కాలిపోతోందని. నేనేమో ఇంత దూరంలో. మిగిలింది నువ్వొక్కదానివే. నీ ఉమ్మి అందితే బండి కదులుతుంది. లక్ష ఏళ్ళ కథ విప్పి చెప్పే ఓపిక ఎక్కడిది?

మా అమ్మ పేరే నీ పేరు, డిక్షావ్. పేరు ఒకటైతే మనలో అమ్మే. అమ్మవి కాబట్టి ఏం చెప్పినా నమ్ముతావని... ఛీ.

నెలకోసారి ఎవరి ఫోనో అడిగి తీసుకుని "నా దగ్గు వచ్చిందా?" అనేదానివి. ఇంకా రాలేదనేదాన్ని. నా పక్కనే కూర్చుని అదంతా వినేది క్షోరే. మొన్న ఈ కాగితం చదివి, "అమ్మమ్మ దగ్గు ఏదమ్మా ఇందులో?" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల! అబద్ధమాడితే ఊరుకోనని దానికి రోజూ చెప్పేది నేను. దాని మొహం చూడలేక వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

డాక్టర్ని తిట్టకు. "ఆవిడకి అర్థమైందా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అర్థమైందనే చెప్పాను.

లేస్తున్నావా? ఇదుగో, చెయ్యి... సరే, వద్దులే. కర్ర పట్టుకునే లే.

అక్కడ నర్సుకి మన మాట రాదు. మళ్ళీ నేనే చెప్పాలి. ఏడు నెలలుగా దగ్గుతుంటే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతుంది. నువ్వేం మాట్లాడకు. అది నావల్లేనని నేనే చెబుతాను.