పొగ లేదన్న పెట్టె

ఒరెగాన్ అడవులు తగలబడుతున్నాయి. ఆ వీధిలో ప్రతి ఇంటికీ వసారాలో పెట్టుకోమని పొగను కొలిచే పెట్టె ఇచ్చారు. పెట్టెలన్నీ తమలో తాము మాట్లాడుకుని, గాలి ఎలా ఉందో తేల్చి ఫోన్లకు చెబుతాయి. చంటిబిడ్డను పడుకోబెట్టి ఒక తల్లి కంచె దగ్గరికి వచ్చేసరికి, పక్కింటి పెద్దావిడ మనవరాలికి సైకిల్ హెల్మెట్ పెడుతోంది.

“ఉబ్బసం పిల్లని బయటికి పంపుతున్నారా?”

“ఫోను గాలి బాగుందంటోందిగా! మా పెట్టె ఒక్కటే పొగ, పొగ అని గోల పెట్టింది. మిగతావి దాని నోరు మూయించాయి.”

“మిగతావంటే?”

“ఈ మూలకి మీదీ మాదీ రెండే కదమ్మాయ్. మీది ఎన్నడూ తప్పు చెప్పలేదని దాని మాటే నెగ్గింది. మాదానికి నాలాగే చాదస్తం.”

ఆమె కంచె మీదుగా చెయ్యి చాపి ఆపింది.

“పంపకండి.”

“ఏం?”

“మా పెట్టె వసారాలో లేదండీ. బాబు పీల్చే గాలి చూసుకుందామని ఉయ్యాల పక్కన పెట్టాను. తలుపులన్నీ మూసి, గాలి శుభ్రం చేసే మిషను వేసి...”

పెద్దావిడ మనవరాలి హెల్మెట్ విప్పేసింది.

“ఎప్పట్నుంచి?”

“సోమవారం నుంచి.”

“మంగళవారం దీనికి ఊపిరాడకపోతే కారు దాకా ఎత్తుకొచ్చింది నువ్వే కదా. పుప్పొడి పడలేదేమో అన్నావు.”