నన్ను చంపి సీటు అడిగాడు

ఏవయ్యా లబీబ్, నేను చచ్చిపోయానట. నీకేమన్నా కబురందిందా? అందదులే. బతికుండగా కూడా ఇంట్లో ఏం జరిగినా ఆఖరున తెలిసేది నీకే కదా!

ఉండు, ఈ మడత కుర్చీ సరిగ్గా వేసుకోనీ. ఈ న్యూజెర్సీ నేల ఏప్రిల్లో కూడా బురదే. ఏంటి, పక్కకి చూస్తున్నావా? చూడు, బాగా చూడు. నీ పక్కన నాకోసం అట్టేపెట్టిన చోటు ఖాళీగానే ఉంది, గడ్డి కూడా మొలిచింది. అయినా సరే నేను పోయి చాలా కాలమైందట. చంపిందెవరంటావా? నీ మనవడే. నీ ముద్దుల బీషోయ్.

నవ్వకు! ఇందులో నవ్వడానికేం లేదు. అంటే, ఉంది గానీ, నవ్వాల్సింది నువ్వు కాదు.

మొదట్నుంచీ చెప్తా, అడ్డురాకు. నువ్వెళ్ళాక మొదలైంది మనింట్లో ఈ పిచ్చి. హైస్కూల్లో ఉండగానే అప్లై చేస్తే కాలేజీ సీటూ, దాని వెనకాలే మెడికల్ కాలేజీ సీటూ రెండూ కలిపి ఒకేసారి చేతిలో పెడతారట. ఎనిమిదేళ్ళు నిశ్చింత. మధ్యలో మళ్ళీ ఇంకో అప్లికేషనూ, ఆ ప్రాణాలు తోడే పరీక్షా ఉండవు. వేలమంది అడిగితే గుప్పెడు మందికి ఇస్తారు. ఇచ్చేముందు వ్యాసాలు రాయించి, ఎదురుగా కూర్చోబెట్టి తిప్పితిప్పి అడిగేది ఒక్కటే. బాబూ, నువ్వు డాక్టరే అవ్వాలని ఎంత గట్టిగా అనుకుంటున్నావు?

పదిహేడేళ్ళ కుర్రాణ్ణి! పొద్దున లేచి ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేడు. వాడు జీవితాంతం ఏం చేస్తాడో ఇప్పుడే ఒట్టేసి చెప్పాలట. మన పెళ్ళిలో ఫాదర్ కూడా నన్నింత గుచ్చిగుచ్చి అడగలేదు. అడిగుంటే నీ సంగతి ఇంకోలా ఉండేది.

నివీన్ సంగతి తెలుసుగా, నీ కూతురు. మందుల షాపులో నిలబడి డాక్టర్ల రాతలు చదివీ చదివీ, కొడుకుని ఆ రాసేవాళ్ళలో కలపాలని కంకణం కట్టుకుంది. వాణ్ణి ఆసుపత్రికి పంపింది, చక్రాల కుర్చీలు తోయమని. ముసలాళ్ళ హోముకి పంపింది, వాళ్ళతో పేకాడమని. "ఇంట్లో ఒక ముసలిది ఉంది కదే, దాన్ని తోయమనవే" అన్నాను. ఏమందో తెలుసా? "నువ్వు లెక్కలోకి రావమ్మా. సొంతవాళ్ళకి చేస్తే సేవ కింద రాసుకోరు" అంది.

అంతే లబీబ్! బతికుంటే లెక్కలోకి రాను. చస్తే మాత్రం పనికొచ్చాను.

ఒక్కో కాలేజీ వద్దంటూ వచ్చింది. వద్దన్నప్పుడల్లా నీ కూతురు మెట్ల మీద కూర్చుని ఏడవడం, నేను టీ పెట్టడం. ఆఖరికి ఒకటి ఇంటర్వ్యూకి రమ్మంది. పెన్సిల్వేనియాలో, కొండల మధ్య ఎక్కడో. ఆ రోజు నివీన్‌కి సెలవు దొరకలేదు, అల్లుడు ఆతెఫ్ ఊళ్ళో లేడు. "నేనెళ్తా తోడు" అన్నాను. బీషోయ్ మొహం తెల్లబోయింది. "తేతా, వద్దు. మంచు, చలి, నీ మోకాళ్ళు" అన్నాడు. అమ్మమ్మ మోకాళ్ళ మీద వాడికెంత ప్రేమో అని పొంగిపోయాను, పిచ్చిదాన్ని! నివీన్ కూడా వద్దనే అంది. ఇద్దరూ అంతగా వద్దంటే నేనాగుతానా? నీకు తెలీదూ?

వాడు కారు నడిపాడు, నేను ప్రార్థన నడిపాను. దారిలో నీ టోల్ గేట్లు చూశాను. అన్నేళ్ళు నువ్వు చెయ్యి చాచి కూర్చున్న ఆ గూళ్ళలో ఇప్పుడు మనిషే లేడు, కెమెరాలు పెట్టారు. పోనీలే, వాటికి నడుం నొప్పి రాదు.

అక్కడికి చేరాక వీడు ఏమన్నాడు? "తేతా, నువ్వు కార్లోనే ఉండు. హీటరు వేసి వెళ్తా." నేనేమన్నా కిరాణా సంచినా, కార్లో వదిలేసి పోవడానికి? కాసేపు ఉన్నాను. తర్వాత బాత్రూం అవసరం పడింది. లోపలికెళ్ళాను. అంతే, అక్కడే నా చావు నాకు ఎదురొచ్చింది.

పెద్ద హాలు. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులూ తండ్రులూ వరసగా కూర్చున్నారు, ఆపరేషన్ గది బయట కూర్చున్నట్టు. బల్ల మీద చీజూ, చికెనూ. మనకేమో ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు, అవేవీ ముట్టకూడదు. నేను రెండు ద్రాక్షపళ్ళు తీసుకున్నానో లేదో, నెరిసిన జుట్టుతో ఒకావిడ వచ్చింది. డాక్టర్ విట్లాక్ అట, ఆ సీట్లిచ్చే కమిటీలో పెద్ద. "మీరు ఎవరి తాలూకు?" అంది. బీషోయ్ గ్రాండ్‌మదర్‌ని అన్నాను. ఆ మాట అమ్మ తల్లో నాన్న తల్లో తేల్చదు కదా, అదే కాపాడింది నన్ను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "అయితే మీరు వాళ్ళ నాన్నగారి తల్లి అన్నమాట. సమీహాగారి గురించి అబ్బాయి రాసింది చదివి నేను మామూలు మనిషిని కావడానికి రెండు రోజులు పట్టింది" అంది.

సమీహా! నా పేరు, లబీబ్! ఎంత చక్కగా పలికిందనుకున్నావు! బడి వంటగదిలో నేను పనిచేసినన్నాళ్ళూ నన్ను శామీ, శామీ అని పిలిచి చంపారు గానీ ఒక్కరూ ఆ పేరు తిన్నగా పలికిన పాపాన పోలేదు. చచ్చాక పలికారు.

ద్రాక్షపండు గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగి, "మావాడు ఇంట్లో ఆ సంగతి ఎత్తడండీ. ఏం రాశాడేంటి?" అన్నాను. తెలివి లేదనకు మరి!

చెప్పింది. నాకు ఛాతీలో నొప్పొచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్తే నాకు ఇంగ్లీషు ముక్క రాదట. వీడు, చిన్న పిల్లవాడు, నా మాటలు వాళ్ళకీ వాళ్ళ మాటలు నాకూ చెప్తూ నిలబడ్డాడట. తొందరలో ఉన్న డాక్టరు సరిగ్గా వినకుండా ఇంటికి పంపేశాడట. నేను ఆ రాత్రే ఎవర్నీ ఒక్క మాట అనకుండా ప్రశాంతంగా కన్నుమూశానట.

నేను! ఎవర్నీ ఒక్క మాట అనకుండా!

ఇంగ్లీషు రాదట నాకు! బేయోన్ బడిలో ఆ కోతిమూకకి ముక్కులు పిండి బఠాణీలు తినిపించింది ఏ భాషలోనట? ఆ డాక్టరెవరో నన్ను నిజంగా ఇంటికి పంపి ఉంటే, వాడి ఏడు తరాలూ వినేలా ఇంగ్లీషులోనే తిట్టి ఉండేదాన్ని కానూ!

చెప్పేద్దామనుకున్నాను. అమ్మా, ఆ సమీహాని నేనే, ఇదిగో, గిల్లి చూసుకో అని. కానీ ఆ తలుపు అవతల వాడున్నాడు లబీబ్. మెడకి నీ నీలం టై కట్టుకుని. ముడి నేనే వేశాను. ఎనిమిదేళ్ళ చదువు, మెట్ల మీద నివీన్... నోరు మూసుకున్నాను.

మూసుకుని ఊరుకుంటే బావుండేది. మళ్ళీ తెరిచాను.

నాన్నగారి తల్లి అంటే ఎవరు? ఎవొన్! అలెగ్జాండ్రియాలో కూర్చుని నా వంటలో ఉప్పు ఎక్కువని ఊరంతా చెప్పే నా వియ్యపురాలు! ఇక నేను ఆవిణ్ణి కావాలి, ఆవిడ నోటితో నా గురించి ఏడవాలి. ఇలాంటి అవకాశం ఎవరికొస్తుంది చెప్పు? "అయ్యో, సమీహా! అలాంటి మనిషి మళ్ళీ పుట్టదండీ. ఆవిడ వంట ముందు నా వంట ఎందుకూ పనికిరాదు. మా అబ్బాయి పెళ్ళిలో ఆవిణ్ణి చూసి పెళ్ళికూతురనుకున్నారు. నేనావిడకి చాలా అన్యాయం చేశాను" అన్నాను. ఆ చివరి మాటకి నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. డాక్టర్ విట్లాక్ కాగితం రుమాలు ఇచ్చింది. తనూ ఒకటి తీసుకుంది. నా అంత్యక్రియలు చెప్పమంది. చెప్పాను. చర్చి పట్టలేదన్నాను. బిషప్పే వచ్చాడన్నాను. నీకు వచ్చినవాళ్ళకి రెండింతలు జనాన్ని వేశాను. ఏం, నా చావు నా ఇష్టం!

అప్పుడు తలుపు తెరుచుకుంది.

బీషోయ్ బయటికొచ్చాడు, వెనకాల బట్టతల పెద్ద డాక్టరొకాయన. వీడి చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. నన్ను చూశాడు, నా చేతిలో రుమాలు చూశాడు, ఆవిడ కళ్ళు చూశాడు. "తేతా, నేను చెప్పేశాను" అన్నాడు.

ఏం జరిగిందంటే, లోపల ఆ పెద్దాయన మంచిగానే అడిగాడట. "మీ అమ్మమ్మ ఏ వంట బాగా చేసేది?" అని. వీడు, "బామియా, అదే బెండకాయ కూర, బాగా చేస్తుంది" అన్నాడట. చేసేది అనాలిగా! చేస్తుంది అన్నాడు. ఆయన తలెత్తి చూశాడట. ఆ చూపుకి వీడు నీరుగారిపోయి, ఆవిడ చావలేదండీ, బయట కార్లో ఉంది అని మొత్తం కక్కేశాడు. లోపల వాడు నిజం చెప్తుంటే బయట నేను బిషప్పుని పిలిపిస్తున్నాను. ఇంత పొంతన లేని కుటుంబం ఎక్కడన్నా ఉందా?

పెద్దాయన నా వైపు తిరిగి, "స్వర్గస్థులైన సమీహాగారు మీరేనా?" అన్నాడు.

ఏమనను? "అవునండీ. ఈస్టర్‌కి ఇంకా టైముంది, కాస్త ముందే లేచొచ్చాను" అన్నాను.

ఆయన నవ్వాడు లబీబ్, గోడ పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. తన చేతిలో రుమాలు మడతపెట్టి, నా చేతిలోది కూడా వెనక్కి తీసుకుంది.

తిరుగుదారిలో ఒక చోట ఆపి బంగాళాదుంప వేపుళ్ళు కొన్నాడు, ఉపవాసానికి పనికొస్తాయని. కార్లోనే కూర్చుని తిన్నాం. అప్పుడడిగాను.

"ఎందుకురా చంపావు నన్ను?"

"అందరికీ ఎవరో ఒకరు పోయారు తేతా. వాళ్ళందరూ అదే రాశారు. ఏమీ జరగనివాడు డాక్టరెందుకవుతానంటాడు అని అమ్మ అంది."

అవును, నీ కూతురికి తెలుసు! చదివింది కూడా! ఇంటికెళ్ళి నిలదీస్తే, "కాగితం మీదే కదమ్మా" అంది. నా చావులో ఉన్న తప్పొప్పులన్నీ దిద్దిపెట్టింది కన్నకూతురు.

అది తర్వాత సంగతి. కార్లో నేనడిగాను, "మరి మీ గెద్దో, మీ తాత, పోయాడు కదరా నిజంగా. నువ్వు పక్కనే ఉన్నావుగా. ఆయన సంగతి రాయొచ్చుగా?"

వాడు వేపుడు తినడం ఆపేశాడు.

నాకు తెలీదయ్యా లబీబ్. నేను ఆ రోజు మందులు తేవడానికి వెళ్ళాను కదా. తిరిగొచ్చేసరికి నువ్వు నున్నగా, సబ్బు వాసనతో, పెళ్ళికి తయారైనట్టు పడుకునున్నావు. అంతే తెలుసు నాకు. వాడు చెప్పాడు. నీకు గడ్డం గీస్తున్నాడట. ఒక చెంప అయ్యిందట. రెండో చెంపకి నురగ రాసేటప్పటికి నువ్వు లేవట. వాడికి అర్థమైందట. అయినా ఎవర్నీ పిలవలేదు. గెద్దో సగం గడ్డంతో ఎవరికీ కనపడకూడదని, ఆ రెండో చెంప కూడా గీసి, మెడ తుడిచి, దువ్వెనతో మీసం దువ్వి, అప్పుడు ఫోన్ చేశాడట. చెయ్యి వణకలేదా అన్నాను. "వణికితే తెగుతుంది కదా తేతా" అన్నాడు.

తిట్టాను లబీబ్. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒరే వెధవా, దీనికి రెండు సీట్లిచ్చేవాళ్ళు కదరా! ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకుని ఊరేగావు కదరా!

"అది వాళ్ళకెందుకు తేతా?" అన్నాడు. అంతే. కారు స్టార్టు చేశాడు.

సీటు రాలేదు. పండగ ముందు జవాబొచ్చింది, చాలా మర్యాదగా. నివీన్ మాతో మాట్లాడ్డం లేదు. వాడు నెవార్క్‌లో మామూలు కాలేజీలో చేరుతున్నాడు, బస్సులో వెళ్ళొస్తాడట. నాలుగేళ్ళ తర్వాత ఆ పెద్ద పరీక్ష రాస్తాడట, మెడికల్ కాలేజీకి మళ్ళీ మొదట్నుంచీ అప్లై చేస్తాడట. డాక్టరవుతావట్రా అంటే, "అవుతా" అన్నాడు. ఈసారి ఎవరూ గుచ్చిగుచ్చి అడగలేదు మరి.

ఒక్క మాట చెప్పనా? కోపం చావుకి కాదు. చంపితే చంపాడు, ఈ వయసులో అదో పెద్ద విషయమా? నిన్ను మాత్రం వాడు ఎవరికీ ఇవ్వలేదు చూడు. నన్ను బజార్లో పెట్టి, నిన్ను జేబులో దాచుకున్నాడు. అక్కడ మండింది నాకు. ఎందుకురా అంటే నువ్వు ఉన్నావు కదా తేతా, నీకేమవుతుంది అంటాడు. నాకేమవుతుందట!

సరేలే. లేస్తా, వాడు ఆకలితో వస్తాడు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఏదో రాయాలిగా వాడు. అప్పటికి నేను నిజంగానే వచ్చేసి ఉంటే, నా గురించి ఒక్క ముక్కయినా రాశాడో, నోరు మూసుకున్నాడో... పైనుంచి ఇద్దరం కలిసి చూద్దాం. రాశాడా, నన్ను మళ్ళీ బజార్లో పెట్టి నిన్నే దాచుకున్నట్టు, నీతో ఇక మాట్లాడను.