ఆరింటి వ్యాయామం

ఛీ, ఎంత రోతో చెప్పలేను వదినా! పొద్దున్నే ఆరింటికి వ్యాయామమని పాతికమంది ముసలివాళ్ళు ఒక్క హాల్లో ఎగస్వాసా దిగస్వాసా పీలుస్తుంటే ఆ చెమట, ఆ నొప్పుల మందు కంపు, ఎన్నేళ్ళ కింద కడిగారో తెలియని ఆ చాపలు... కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని.

నువ్వు మాట్లాడకు. ఆక్సిజన్ మాస్కు తియ్యొద్దని నర్సమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందంటే ఆషామాషీయా? నువ్వు విను, చాలు. ఎలాగూ ఇన్నాళ్ళూ ఇంట్లో వాగింది నేనేగా.

ఆ నేర్పే పిల్ల గుర్తుందా? మెడలో ఈల, మనవరాలి వయసు. "అమ్మమ్మలూ, కదలండి! కదిలితే ఒంట్లో రోగాల్ని తరిమే కాపలావాళ్ళు నిద్ర లేస్తారు!" అనేది. "కాపలావాళ్ళ సంగతి తర్వాత, ముందు నా మోకాళ్ళని లేపు తల్లీ" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. అప్పుడు నాకు కోపం రాలేదులే.

ఎప్పుడొచ్చిందో చెప్పనా? రెండో వారం. నాకన్నా ఏడేళ్ళు పెద్దదానివి. బతుకంతా పోస్టాఫీసులో నిలబడి ఉత్తరాలు విడదీసిన దానివి. అలా ఒంగి కాలి బొటనవేళ్ళు అందుకున్నావు చూడూ! హాలంతా చప్పట్లు. నేనేమో నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని కొడవలిలా వంగిపోయిన దాన్ని. చేతులు మోకాళ్ళు దాటితే గొప్ప. ఈలమ్మ వచ్చి నా చెవిలో ఏమందో తెలుసా? "మీ వదినగారిని చూసి నేర్చుకోండి" అంది.

పెళ్ళయిన నాటినుంచీ అదే మాట! మీ అమ్మ నోట అదే, మా ఆయన, అదేలే, నీ తమ్ముడి నోట అదే. వదిన్ని చూసి వండు, వదిన్ని చూసి మాట్లాడు. వాళ్ళిద్దరూ పోయారు, మనిద్దరమే మిగిలాం, ఇక ఆ మాట వినక్కర్లేదు కదా అనుకున్నాను. ఎక్కడా? ఇదొకత్తి దాపురించింది.

ఏంటి, చలా? ఉండు, దుప్పటి కప్పుతా. ఆఁ.

మర్నాడు నువ్వు బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డావు. నేనేమన్నాను? "హాలు పైకప్పు కారుతోందట, మూసేశారు, తెరిస్తే కబురు చేస్తారట" అన్నాను. నువ్వు "అయ్యో" అని బూట్లు విప్పి మంచం కిందకి తోశావు. ఒక్క ప్రశ్న అడగలేదు. అదే నాకు ఒళ్ళు మండే సంగతి. కాస్త అనుమానం రాదేంటమ్మా మనిషికి?

హాలు మూయలేదు వదినా.

అలా గుడ్లప్పగించి చూడకు. పళ్ళ డాక్టరు దగ్గరికని వారానికి నాలుగు రోజులు ఎక్కడికి పోయాననుకున్నావు? పొద్దున్న ఆరింటికి ఏ పళ్ళ డాక్టరు తలుపు తీస్తాడమ్మా? నోట్లో ఉన్నవే ఆరు పళ్ళు! వాటికి నాలుగు నెలల వైద్యమా? అక్కడికే పోయాను. ఆ కంపులోకే. నువ్వు పక్కన లేకపోయేసరికి నడుం దానంతటదే వంగింది. ఏం చెప్పను, నిద్ర పట్టింది. మనింటి మెట్లు మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాను. నీ తమ్ముడు పోయాక ఊరికే ఏడుపొచ్చేది చూడు, అది కూడా ఎటో పోయింది. పక్క చాప మీద ఒక పాత బస్సు డ్రైవరు, ఆయనతో ఎకసెక్కాలు కూడా ఆడేదాన్ని! ఈ చలికాలం ఒక్క తుమ్ము రాలేదు నాకు.

మరి నువ్వు? కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయావు. మొదటి నెల పేపరు చదివావు. తర్వాత అదీ లేదు. ఆ తర్వాత తల దువ్వుకోవడం మానేశావు. పిలిస్తే పలకడం మానేశావు. ఒక జలుబు తగ్గకముందే ఇంకోటి. చూస్తూనే ఉన్నాను వదినా, గుడ్డిదాన్నా? చెమటలు కక్కుతూ వచ్చి, నిన్ను చూసి, ముసలితనమంటే అంతేలే అనుకుని, నా టీ నేను కాచుకునేదాన్ని. థూ!

నిన్న డాక్టరుని వరండాలో పట్టుకున్నాను. కదలకుండా కూర్చున్నందుకేనా ఇదంతా అని అడిగాను. "కదిలే ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి కాస్త ఎక్కువమ్మా, మనసూ తేలిగ్గా ఉంటుంది. కానీ ఈవిడకి డెబ్భై ఎనిమిది, పైగా ఇంత చలి. ఇదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు" అన్నాడు. మంచివాడు. తప్పించుకోడానికి నాకో సందు చూపించాడు. ఇవాళ ఆ సందులోంచి జారుకుందామనే వచ్చాను. నా పాడు నోరు ఊరుకుంటేగా!

చెయ్యి లాక్కుంటున్నావా? లాక్కో. నీ చెయ్యి, నీ ఇష్టం.

ఎలాగూ బయటపడ్డాను, ఇదీ వినెయ్యి. ఇవాళ పొద్దున కూడా వెళ్ళాను. నువ్విక్కడ ఆయాసపడుతుంటే నేనక్కడ నడుం తిప్పాను, నవ్వాను. రేపూ వెళ్తాను. మానేద్దామనే పడుకుంటాను, తెల్లారేసరికి కాళ్ళు వాటంతటవే మెట్లు దిగుతాయి. సుఖం మరిగిన ఒళ్ళు వదినా. దానికి సిగ్గూ లేదు, శరమూ లేదు. ఏం చెయ్యమంటావు?