చివరి రికార్డులో ఆలస్యం

జాజ్ సంగీతంలో ఆర్గాన్ అనే మీటల వాద్యం వాయించే నాన్న పోయాక, కూతురు ఆయన డ్రమ్మర్‌తో కలిసి పాత రికార్డులు వింటోంది. సంతాపసభలో వేయడానికి ఒకటి ఎంచాలి.

“మొదటి రికార్డు కంపెనీవాళ్లది వేద్దాం బాబాయ్. అందులో నాన్న వేళ్లు పరుగులు తీస్తాయి.”

“రెండో కంపెనీది?”

“వద్దు. అన్ని వయొలిన్లు పెట్టి ఆయన్ని ముంచేశారు.”

“మరి ఈ చివరిది?”

“ప్రతి స్వరం కాస్త ఆలస్యంగా పడుతోంది. ముసలితనం తెలిసిపోతోంది.”

“ముసలితనం కాదమ్మా. అప్పటికే మీ నాన్న చెవులు పూర్తిగా పోయాయి. నా చెయ్యి పడటం చూశాకే ఆయన వేలు పడేది.”



“మాకెవరికీ చెప్పలేదే!”

“తెలిస్తే మీరు తనతో మాట్లాడటం తగ్గించేస్తారని భయపడ్డాడు. మీ పెదాలు చూసి మాటలు పట్టుకునేవాడు.”

“ఇదే వేద్దాం బాబాయ్. ముందు ఇంకోసారి పెట్టు. నీ చెయ్యి ఎక్కడెక్కడ పడిందో నాకు చూపించు.”