గసగసాలు ఏసి నవ్వినందుకు

"తాతా, నువ్వు సినిమాలో యాక్టు చేసినావంట గదా. ఆ సంగతి చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

చేసినా. చేసి, నా పొయ్యి నేనే ఆర్పుకున్యా. చెప్తా గానీ, ఆ ఫోను రవ్వంత దూరం పెట్టబ్బీ, మొగం కాడికి తేవద్దు. నాకు ఇప్పుటికీ ఆ కెమెరాలంటే పడదు. కూచో ఆ మంచం మింద. చెనిక్కాయలు తింటావా? తిను, ఉడకబెట్టింది మీ అవ్వే, నేను గాదు.

నేనెవురో నీ ఫోనుకు చెప్పల్ల గదా మొదట. జమ్మలమడుగు వంట హుసేనప్ప అంటే ఆ పక్క ఎర్రగుంట్ల దాకా, ఈ పక్క పొద్దుటూరు దాకా పెండ్లి చేసినోళ్లందురికీ తెలుసు. మా నాయన కాలం నుండి మాది అదే పని. మా నాయన పెండ్లికి వంట చేస్తే ఒగ పంచ, రొన్ని బియ్యం, పొట్టేలి తలకాయ ఇస్తాండిరి. దుడ్లు ఎవురిస్తారబ్బా ఆ కాలంలో? తలకాయ ఇచ్చినోడు మారాజు. మా యమ్మ ఆ తలకాయ కూర చేస్తే ఈదిలో కుక్కలు గూడా మా ఇంటి ముందర వచ్చి కూచుంటాండె... సరేలే, అది యాడికో పోతాది. సినిమా గదా నువ్వడిగింది.

తొండూరు పిలగాడు ఒగడు ఉండాడు, ప్రతాపు. సదివింది ఇంజినీరింగు, చేసేది సినిమా. వాళ్ల నాయనకు చీనీ తోట ఉండాది, అందుకని వాడు ఏం చేసినా జరుగుతాది. పులివెందల్లో ఒగ పెండ్లికాడ నేను మా పనోళ్లను తిడ్తాంటే చూసినాడంట. "మామా, నీ నోరు భలే ఉండాది. నా సినిమాలో కత నువ్వే చెప్పల్ల" అని ఎంటబడినాడు. నేను నవ్వి పొమ్మంటి. మళ్ల వచ్చినాడు. మీ అవ్వ, "పోరాదూ, ఇంట్లో ఎట్లాగూ వాగుతానే ఉంటావు, ఆడ వాగితే బొమ్మన్నా పడ్తాది" అనింది. అట్ల పోయినా.

కత ఏందంటే, ఒగ కాంట్రాక్టరు ఉంటాడు. కొడుకు పెండ్లి విందులో తింటా తింటా ఇస్తరాకు మిందనే పడి సస్తాడు. కూరలో విషం. ఎవురు కలిపినారు? పోలీసోళ్లు వంటాయన్ను పిలిపిచ్చి అడుగుతారు. ఆ వంటాయన నేను. ఆ పొద్దు ఏమేం జరిగిందో నేను చెప్తాంటే సినిమా నడుస్తాది. నేను ఏం చెప్తే అదే బొమ్మ. అర్థమైందా? కాంట్రాక్టరు ఏసం ఏసింది పులివెందల ఓబులేసు, మోటరు సామాన్ల అంగడాయన. నాటకాల పిచ్చి. సచ్చేది నాలుగుసార్లు చేపిచ్చినారు, నాలుగుసార్లూ నా సంగటి మింద మొగం పెట్టి సచ్చినాడు పాపం.

నాకు మాటలు రాసిన కాయితం గీయితం ఏమీ ఇయ్యల్యా. "మామా, కాంట్రాక్టరు తమ్మునికి ఆస్తి మింద కన్ను. వాడు పొయ్యిల కాడ తచ్చాడతాంటే నువ్వు చూసినావు. పోలీసోళ్లకు చెప్పు" అంటాడు ప్రతాపు. నేను చెప్తా. ఎంత నమ్మి చెప్పినాననుకున్యావు! ఆ తమ్ముని ఏసం ఏసిన పిలగాని మింద నాకు నిజంగానే మండిపోయింది. మజ్జాన్నం వాడు అన్నానికొస్తే ముక్కలు తీసి పక్కన పెట్టి, ఉత్త పులుసు పోసినా. వాడు, "ఏంది మామా, నాకు ముక్కల్లేవా?" అంటే, "సొంత అన్నను సంపినోనికి ముక్కలు గావాల్నా?" అన్న్యా. అందురూ పడీపడీ నవ్విరి. యాల నవ్వుతాండారో నాకు తెలీదు అప్పుడు.

ఇంగ ఒగరోజు, ఆఖర్రోజు అనుకుంటా, కాదు, దాని ముందర్రోజు, ప్రతాపు ఒగ పొట్లం చేతికిచ్చినాడు. "మామా, ఇవి గసగసాలు. ఈ కూరలో ఏసి, రవ్వంత నవ్వు" అన్న్యాడు. నేను కయ్యిమంటి. "గసగసాలు ఎవుడన్నా అట్లనే పోస్తాడారా? నానబెట్టి, నూరి, మసాలాలో కలిపి ఏయల్ల. రేపు జనం చూసి హుసేనప్పకు వంట రాదంటే నీ తాత వచ్చి చెప్తాడా?" అంటి. వాడు చేతులెత్తి మొక్కినాడు. "అట్లనే ఏయి మామా, నీ పుణ్యముంటాది. ఏసి నవ్వు." "యాల నవ్వల్ల?" "కూర బాగొచ్చిందని నవ్వు." సరే, కూర బాగొచ్చిందని ఎట్ల నవ్వుతాము? కడుపు నిండా నవ్వినా. మెల్లగ, కండ్లల్లో నవ్వినా. నా పెండ్లి ఫోటోలో గూడా అంత బాగ నవ్వలేదంటే నమ్ము.

సినిమా పొద్దుటూరులో పడినాది. అంతకు ముందే నేను జమ్మలమడుగు బజారంతా చెప్పుకున్యా. "సంపింది తమ్ముడే, ఎవురికీ చెప్పొద్దు" అని కనబడినోనికల్లా చెప్పినా. మేకలు కోసేటోనికి చెప్పినా, మసీదు కాడ చెప్పినా, ఎర్రగుంట్ల బస్సులో పక్కన కూచున్నోనికి చెప్పినా. వ్యాను మాట్లాడి మా చెల్లెలు, బావ, వాళ్ల పిల్లోళ్లు, మీ అవ్వ, అందురం పోయినాం. చిన్నప్పుడు నేను నేలటిక్కెట్టు కొనుక్కోని ఇసకలో కూచోని చూసిన థేటరే అది, ఇప్పుడు సోఫా మాదిరి కుర్చీలు. నేను కాలు మీద కాలేసుకోని కూచుంటి.

సినిమా బాగానే పోయింది. నేను చెప్తాండా, జనం ఇంటాండారు. పోలీసాయన తమ్ముణ్ణి పట్టుకోనిపాయ. బొమ్మలో నేను ఇంటికి పోయి నులకమంచం మింద కూచుంటి. అయిపాయ అని మా బావ చెప్పులేసుకున్యాడు. అప్పుడు వచ్చిందబ్బీ ఆ పొట్లం. గోడంత పొట్లం! అండ్లో ఉన్నిది గసగసాలు గాదు, విషమంట. కూరలో పడ్తాది. ఆమీట నా మొగం. నవ్వుతాండా. ఎనకమాల ఏదో గుయ్యిమని సప్పుడు పెట్టినారు చూడు, నన్ను చూసి నేనే జడుసుకుంటి. ఎనక వరసలో ఒగడు, "యో, ఈ ముసిలోడేరా సంపినాడు! ఇంతసేపూ మనకు చెవులో పువ్వు పెట్టినాడురా!" అని అరిచినాడు. ఇంగ థేటరంతా ఈలలు. మా చెల్లెలు నా పక్కనుండి లేసి ఆ పక్క కుర్చీలో కూచునింది. సొంత చెల్లెలు!

బయటికొస్తే జనం ఫోటోలకు ఎగబడినారు. తీసుకుంటారు గానీ, భుజం మింద చెయ్యి ఎయ్యరు. నాకు తల తీసేసినట్టయింది. ప్రతాపుకు ఫోను చేసి తిట్టినా చూడు, నీ రికార్డులోకి అది వద్దులే. వాడేమంటాడు? "కత చెప్పేటోడే అబద్ధాలకోరు మామా, మన సినిమాలో మజా అదే. నీకు ముందే చెప్పింటే నీ కండ్లల్లో తెలిసిపోతాండె. నువ్వు నిజమనుకోని చెప్పినావు కాబట్టే జనం నమ్మినారు." నేను, "ఒరే, నీ మజాకు నా కడుపు కొట్టినావు కదరా" అంటి. అప్పుడు ఉత్తమాటగా అన్న్యా. నిజంగానే కొట్టినాడు.

మొదట ఎర్రగుంట్ల లారీలాయన. గృహప్రవేశం వంట ఒప్పుకోనుంటి. ఫోను చేసి, "మామా, ఈసారి కేటరింగోళ్లకు చెప్పినాం, ఏమనుకోవాకు" అన్న్యాడు. సరేలే అనుకుంటి. మూడురోజులకు సింహాద్రిపురం వాళ్లు. "మాకేమీ ల్యా మామా, సినిమా అని తెలీదా మాకు? మా ముసిలాయనే ఒప్పుకోల్యా" అన్న్యారు. అందురిండ్లల్లో ఒగ ముసిలాయన ఉంటాడబ్బా ఒప్పుకోనోడు! నాతో మాత్రం అందురూ "సినిమానే గదా" అంటారు, నవ్వుతారు, పిలవరు. టీ అంగడి కాడ నా గ్లాసులో సగం పోసి ఇస్తే మా బావ, "ఇప్పుడే తాగినా" అన్న్యాడు. నా ముందరే ఇంగో టీ చెప్పుకున్యాడు, సిగ్గుల్యాకుండా.

ఆ యేడు పెండ్లిండ్ల కాలమంతా నా పెద్ద గిన్నెలు బోర్లించే ఉండె. దుడ్లు పోతే పోనీలే. నా చేతి అన్నం తిని, "హుసేనప్పా, భలే ఉండాది" అంటే చాలు, ఆ పూటకు నాకు కడుపు నిండేది. ఆ మాట ఇంగ ఎవురూ అనరేమో అని భయం పట్టుకున్యాది. నిద్ర పట్టదు. మీ అవ్వ మీద ఇసుక్కుంటి. పొయ్యి ముట్టించనీక చేతులు లాగుతాంటే, ఇంట్లో ఇద్దరికే రోజూ పొట్టేలి కూర చేస్తాంటి. ఆయమ్మ తినేది గాదు, పొద్దుగూకులూ మాంసమేంది అనేది.

అప్పుడు ప్రతాపే మళ్ల వచ్చినాడు. పిలగానికి మనసులో పొడుస్తానే ఉన్నిందేమో. "మామా, మా అక్క పెండ్లి. పెండ్లయిన తెల్లారి మాంసం బోజనాలు నువ్వే చెయ్యల్ల" అన్న్యాడు. "మీ చుట్టాలు తింటార్రా?" అంటి. "తింటారు. నేను ఓబులేసును పిలిపిస్తాండా. సచ్చినోడే ముందర వరసలో కూచోని తింటాంటే ఇంగ ఎవురికి భయం?" అన్న్యాడు. ఇంజినీరింగు బుర్ర గదా. నాకూ భలే అనిపించింది.

తొండూరికి పోయినాం. పాత్రలు ఎత్తిచ్చేదానికి, ఉల్లిగడ్డలు కోసేదానికి మీ అవ్వ గూడా వచ్చింది. నేను ఆ పొద్దు చేసినట్టు జన్మలో చెయ్యలేదబ్బీ. సంగటి, పొట్టేలి కూర, ముక్కల్లేని బిర్యానీ మాదిరి కుష్కా, అలసంద వడలు. వాసనకు ఆ ఈది ఈది లేసి కూచునింది. జనం వచ్చి వరసల్లో కూచున్యారు, వడ్డించినారు. ఇంగ ఎవుడూ చెయ్యి పెట్టడు. నీళ్లు తాగుతాండారు. ఫోన్లు చూసుకుంటాండారు. ఒగాయన వడ తిప్పి తిప్పి చూస్తాండాడు, దాన్ని కొనేటోని మాదిరి.

ప్రతాపు ఓబులేసుకు కన్ను గీటినాడు. ఓబులేసు ఇస్తరాకులో చెయ్యే పెట్టల్యా. నేను పోయి, "తినప్పా" అంటి. ఆయప్ప నా చెవులో, "ఈ పొద్దు బేస్తవారం హుసేనప్పా. నేను ఒక్కపొద్దు, నీసు ముట్టను. పిలగాడు కూచోమంటే కూచున్యా" అన్న్యాడు. అని ఇస్తరాకు పక్కకు జరిపి, జోబీలోనుండి అరటిపండు తీసినాడు! అంతే, వరసలో గుసగుసలు. "చూడ్రా, సచ్చినోడు గూడా తినల్యా" అని ఒగడు. ఒగామె బిడ్డ చేతిలో వడ లాగి కిందేసింది. పెండ్లికూతురు నాయన మొగం నల్లగైపాయ. గరిటె పట్టుకోని అట్లనే నిలబడిపోతి. ఇంగ ఈ గరిటె ఈడనే పడేసి పోదామనుకుంటి.

అప్పుడు మీ అవ్వ వచ్చింది. కొంగుకు చేతులు తుడుచుకుంటా వచ్చి, ఓబులేసును జరగమని ఆ ఇస్తరాకు ముందర కూచునింది. పెండ్లోళ్లు ఎవురూ రమ్మనల్యా, ఆయమ్మే కూచునింది. సంగటి తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకునింది. అందురూ ఆయమ్మ గొంతునే చూస్తాండారు. మింగింది. ఇంగో ముద్ద. అప్పుడు తలెత్తి, వరసంతా ఇనబడేటట్టు, "ఏందప్పా అట్ల చూస్తాండారు? ఈయప్ప సంపేటోడే అయితే, నా నోటి దురుసుకు పెండ్లయిన యాడాదికే నన్ను సంపుండల్ల!" అనింది.

నవ్వినారబ్బీ! పెండ్లికూతురు నాయన నవ్వినాడు, వడ తిప్పేటాయన నవ్వతా నవ్వతా నోట్లో పెట్టుకున్యాడు. ఆమీట చూడు, కూర తే, సంగటి తే అని నన్ను నిలబడనిస్తే గదా. మూడో వరసకే కుష్కా గిన్నె అడుగు కనబడింది. ఆ ఈదిలోనే ఇంగో రెండు పెండ్లిండ్లకు మాటైపాయ.

ఆ ఫోను రవ్వంత దగ్గరికి జరుపు. మీ అవ్వ లోపలుండాది, మెల్లగ చెప్తా. సాయంత్రం వ్యాన్లో వస్తా, "అంత నమ్మకమా నేనంటే నీకు?" అని అడిగినా, గొప్పగా. ఆయమ్మేమనిందో తెలుసునా? "నమ్మకమా? నాకూ భయమే అయ్యింది. సినిమా అని తెలుసు, నువ్వని తెలుసు. అయినా ముద్ద ఎత్తేటప్పుడు ఆ నవ్వు కండ్ల ముందరికొచ్చినాది. అల్లా అనుకోని మింగినా" అనింది.

"మరి యాల తింటివే?" అంటి.

"నువ్వు ఆడ అట్ల నిలబడింటే చూడలేకపోతి" అనింది.

అంతే. మళ్ల కిటికీ పక్కకు తిరిగి కునుకు తీసింది. నమ్మి తినింటే నేను ఆ పొద్దే మరిచిపోయేటోణ్ణబ్బీ. నమ్మకుండా తినింది.

నీకూ సంబంధాలు చూస్తాండారంట గదా. సదువు, రూపం అన్నీ మీ అమ్మ చూసుకుంటాదిలే. అల్లా నీకు అట్లాంటిదాన్ని ఇయ్యనీ నాయనా. నేను నిలబడినట్టు నిన్ను మాత్రం యాడా నిలబెట్టకుండనీ.