తాళాలు వినిపించని పాట

కూర్మన్నపాలెం క్వార్టర్లో, కంప్యూటర్ ముందు ఫర్నేసు కార్మికుడూ అతని బావమరిదీ కూర్చున్నారు.

“బావా, డిస్కులో జాగా సాల్లేదని మీ భజన రికార్డింగులన్నీ ఎంపీత్రీలు సేసీసినాను. అసలు ఫైళ్లు తీసీడానికి ముందు ఓపాలి ఇను.”

“గొంతులున్నాయి, డోలక్కుంది. నాను కొట్టిన తాళాలేవిరా?”

“ఇనిపిస్తన్నాయి కద బావా.”

“ఏటి ఇనిపించడం? కుదించి పాడుసేసీసినావు. అసలుది ఎయ్యి.”

వేశాడు.

“మళ్లీ అదే ఎట్టావేటి?”

“ఇది అసలుదే బావా.”

పాట సాగుతూనే ఉంది.

“తాళాలు మోగతన్నాయా?”

“గట్టిగా మోగతన్నాయి.”

“ఫర్నేసు మోతకి సన్నటి సప్పుళ్లు ఇనిపించకుండా పోతాయి, సెవుల్లో దూది ఎట్టుకోమని మా ఇంటిది, మీ అప్ప, పోరితే నవ్వీసినాను.”

“బావా...”

“పాట ఆపకు. ఆ తాళాలు ఆగినప్పుడు నాకు సెప్పు.”